కోరుకిచ్చిన ఆకుమడి

నా కూతురు వనజకు కామెర్లు వచ్చి తగ్గిన కొన్నాళ్ళ నుంచి మా ఇంటి గడప లోపలికి అంగడి ఆకుకూర రానివ్వలేదు నేను. డాక్టరు సగం కన్నడంలో, సగం ఇంగ్లీషులో చెప్పాడు. ఈసారి గట్టెక్కింది, ఇక మీదట నీళ్ళూ తిండీ జాగ్రత్త, మళ్ళీ వస్తే ఈ పిల్ల లివరు తట్టుకోదు అన్నాడు. ఆ 'తట్టుకోదు' ఒక్కటే నాతో ఇంటికి వచ్చింది. తక్కిన మాటలన్నీ ఆస్పత్రి మెట్ల దగ్గరే ఉండిపోయాయి.

అప్పటికి మేం కదిరి పక్క పల్లె నుంచి బెంగళూరు వచ్చి నాలుగేళ్ళు. బొమ్మనహళ్ళిలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. వరసగా ఇళ్ళు, అందరికీ కలిపి ఒకే కుళాయి. మా ఆయన గంగన్నది సెంట్రింగు పని. నేను హోసూరు రోడ్డు పక్కన ఒక గార్మెంట్సులో దారాలు కత్తిరించే పనికి పోయేదాన్ని. పొద్దుగూకినా ఆయన రాకపోతే ఏ అంతస్తు మీద నుంచి జారాడో అనుకుంటాను. వనజ రెండుసార్లు తుమ్మితే చాలు, నాకు ఆస్పత్రి వరండా కనిపిస్తుంది. "నీకు నిద్రలో కూడా చెడ్డే తోస్తాది" అని గంగన్న నవ్వేవాడు. నవ్వేవాళ్ళకేం! ఆ పిల్ల కళ్ళు పసుపు ముద్దల్లా తిరిగినప్పుడు పక్కన కూర్చున్నది నేను.

గార్మెంట్సులో నా పక్కన కూర్చునే ఆవిడ ఒకరోజు అన్నం తింటూ చెప్పింది, ఊళ్ళోకి వచ్చే ఆకుకూరంతా మోరీ నీళ్ళతో పండిందేనని. మోరీ అంటే ఇక్కడ మురికి కాలువ. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నా డబ్బాలో తోటకూర ఉంది. మూత పెట్టేశాను. ఆ రోజు ఇంటికి పోయి బుట్టలో ఉన్న కట్టలన్నీ పారేశాను. కానీ డాక్టరు ఆకుకూరలు పెట్టమనీ చెప్పాడు కదా! పెట్టకపోతే రక్తం లేదు, పెడితే ప్రాణం లేదు. ఇక నేనే పండించాలి అనుకున్నాను.

వఠారం వెనక ఓనరు కట్టకుండా వదిలేసిన జాగా కొంచెం ఉంది. రెండు నులక మంచాలు వేస్తే నిండిపోతుంది. దాని వెనక కాంపౌండు గోడ, గోడకు అవతల మోరీ. ఓనరును అడిగితే "కట్టేటప్పుడు పీకేస్తాను, అప్పుడు ఏడవకూడదు" అన్నాడు. ఏడవను అన్నాను. ఆదివారాలన్నీ ఆ నేల మీదే గడిచాయి. సిమెంటు పెళ్ళలు, గాజు ముక్కలు, ఎవరి ఇల్లు కట్టినప్పుడో మిగిలిన కంకర. తవ్వేకొద్దీ వచ్చాయి. మట్టిని జల్లెడ పట్టాను. పాలవాడి కొట్టం నుంచి పేడ మోసుకొచ్చి కలిపాను. గంగన్న సైటు నుంచి పనికిరాని పలకలు తెచ్చి చుట్టూ పాతాడు.

తోటకూర విత్తనం ఆవగింజ కంటే సన్నం. ఒట్టి చేత్తో చల్లితే ఒకచోటే పడుతుంది. ఇసుకలో కలిపి చల్లాలి. ధనియాలను చెప్పు కింద వేసి బద్దలయ్యేలా నలిపాను. మెంతులు నానబెట్టాను. చీమలు విత్తనం ఎత్తుకుపోకుండా మడి చుట్టూ నూకలు చల్లాను. వాటి పాలు వాటికి పెడితే మన జోలికి రావని మా అమ్మ అనేది. గోడవారన చిక్కుడు పాదు, ఒక అంచున కనకాంబరాలు, నూనె డబ్బాలో పుదీనా, పగిలిన బకెట్టులో వాము ఆకు. నాలుగో రోజు పొద్దున వంగి చూస్తే మెంతి మట్టిని నెత్తిన ఎత్తుకుని లేస్తోంది. వనజను లేపి చూపించాను. కళ్ళు నులుముకుంటూ "ఇంతేనా?" అంది.

చిక్కంతా నీళ్ళ దగ్గర వచ్చింది. ఓనరు పొద్దున్నే బోరు వేసి ఇంటికి ఇన్ని బిందెలని వదిలేవాడు. వాటిలో రెండు బిందెలు మడికని తీసి పెట్టేదాన్ని. ఆ రెండింటి కోసం మేం ఎన్ని అవసరాలు ఆపుకున్నామో! గంగన్న సిమెంటు ఒంటితో వచ్చి ఒక చెంబుతో సరిపెట్టుకునేవాడు. నీళ్ళు కరువైన సీమలో పెరిగినదాన్ని కదా, మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. పొద్దున పోస్తే ఎండ తాగుతుంది, పొద్దు వాలినాక పోస్తే చెట్టు తాగుతుంది. ఆవిడే నేర్పింది ఇంకొకటి. దీపం పెట్టినాక చెట్టును ముట్టకూడదు. అప్పటికి చెట్లు నిద్రపోతాయి, నీళ్ళు పోసినా ఆకు తుంచినా పాపం. ఈ రెంటికీ మధ్య ఉండేది కాస్త సందె వేళ. ఆ వేళకు నేను గార్మెంట్సులో దారాలు కత్తిరిస్తూ ఉంటాను. వచ్చేసరికి అన్ని ఇళ్ళలో దీపాలు వెలిగి ఉంటాయి.

పక్కింటి అంజినమ్మ నా ఇబ్బంది చూసింది. వాళ్ళది తాతల నాటి నుంచి ఈ ఊళ్ళోనే, కాటన్‌పేటలో ఉన్న కుటుంబం, పెళ్ళయ్యాక ఇటు వచ్చింది. నోరు పెద్దది, చెయ్యి ఖాళీగా ఉండదు. మంచాన పడిన అత్తను కడిగి, గుడ్డలు మార్చి, మళ్ళీ కడిగి, ఆ ముసలామె తిట్టే తిట్లు విని నవ్వేది. బడి వదిలాక నేను వచ్చేదాకా వనజ వాళ్ళింట్లోనే ఉండేది. ఆ వఠారంలో నేను భయపడకుండా బిడ్డను వదిలింది ఆ ఒక్క ఇంట్లోనే.

"సందకాడ నేను ఇంట్లోనే కదక్కా ఉండేది. మా అత్తను ఇడిసిపెట్టి యాడికి పోతాను? నీ రెండు బిందెలు నా వాకిట్లో పెట్టిపో. నేను పోస్తాను" అంది.

"ఊరికే చెయ్యమని నేనడగను. మా ఊర్లో అయితే కోరుకిస్తాం" అన్నాను.

కోరంటే నేల ఒకరిది, కష్టం ఒకరిది, పంట చెరిసగం. అంజినమ్మ పడి పడి నవ్వింది.

"రెండు మంచాల చేనుకు కోరా! జనం నవ్వుతారప్పా. సరే, నాకు సగం ఇయ్యి. పక్కీదిలో అమ్ముకుంటాను."

మాట అనుకున్నాం. కోరుకిచ్చిన చేను దగ్గరకు పోయి ఏం చేస్తున్నావని ఆరా తీయడం మా పల్లెలో అవమానం. నమ్మనివాళ్ళు కోరుకు ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్ళు అడగకూడదు. నేను అడగలేదు. పంచుకోవడం కూడా మా ఊరి పద్ధతిలోనే పెట్టాను. కుప్పలు వేసేది ఒకరు, ఎంచుకునేది మరొకరు. అంజినమ్మ ఆకు కోసి రెండు కుప్పలు వేస్తే, నాకు బదులు వనజ ఒక కుప్ప ఎంచుకుని తడిగుడ్డలో చుట్టి మా గుమ్మం లోపల పెట్టేది. ఎనిమిదేళ్ళ పిల్ల. పెద్దమనిషిలా చేసేది.

మడి ఎలా వచ్చిందో చెబితే నమ్మరు. తోటకూర ఆకు నా అరచెయ్యంత. పాలకూర కోస్తే మళ్ళీ వారానికి అంతే. కొత్తిమీర నల్లగా నిగనిగలాడేది. ఆదివారం ఒక్కరోజే నేను మడిని వెలుగులో చూసేదాన్ని. ఆ రోజు నేనే కుళాయి నీళ్ళు పోసేదాన్ని, అంజినమ్మ పక్కన నిలబడి కబుర్లు చెప్పేది. ఒకసారి మట్టి బాగా నల్లబడిందనిపించింది, వాసన కూడా వచ్చింది.

"పేడ నీళ్ళు కలిపి పోస్తా ఉండానక్కా, నీకు చెప్పలేదా?" అంది.

"నీ చెయ్యి చల్లని చెయ్యి తల్లీ" అని ఆమెకు దిష్టి తీసి మెటికలు విరిచాను. నిజం. ఈ చేతులతోనే.

ఆకుకూర రాత్రిపూట తినకూడదు, అరగదు. అందుకని పొద్దున వండి ముగ్గురికీ డబ్బాల్లో కట్టేదాన్ని. వనజ మూతలు పెట్టేది. సాయంత్రం దాని డబ్బా ఖాళీగా, కడిగి మరీ వచ్చేది. నెల తిరిగేసరికి బుగ్గలు వచ్చాయి, జడ ఒత్తుగా అయింది. గార్మెంట్సులో అందరికీ చెప్పాను. మా పిల్లకు నా మడి వల్ల రక్తం పట్టింది అని. ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుందని వణికే నేను, ఆ కొన్ని నెలలు డబ్బాలు కట్టేటప్పుడు మాత్రం వణకలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు కూడా మొరాయించింది. కాసేపు చూసి, పొండి అన్నారు. అందరూ బజారుకు పోదామని సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం దారి పొడుగునా ఒకటే దిగులు, పనే లేకుండా పోతుందేమో, యూనిట్ మూసేస్తారేమో అని. అలాగే ఆలోచిస్తూ వచ్చి, ఇంకా ఎండ ఉంది కదా, ఒకసారి మడి చూద్దామని ఇంట్లోకి పోకుండా నేరుగా వెనక్కి నడిచాను.

అంజినమ్మ గోడవారన రాతి మీద నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. చేతిలో తాడు. తాడు గోడ మీదుగా అవతలికి పోయింది. లాగింది. పెయింటు డబ్బా ఒకటి నల్లగా కారుతూ పైకి వచ్చింది. రాతి మీద నుంచి దిగి, ఆ డబ్బా తోటకూర మీద వంచింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ లాగింది. ఈసారి కొత్తిమీర. ఆమె ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అలవాటైన పని చేసే మనిషి ముఖం.

నేను అరవలేదు. వాళ్ళ వాకిట్లోకి పోయి చూశాను. నా రెండు ఇత్తడి బిందెలు. ఒకటి లోపల పొయ్యి పక్కన, మూత పెట్టి ఉంది. రెండోదాని నీళ్ళు తొట్టిలో పోసి ముసలామె గుడ్డలు నానబెట్టి ఉన్నాయి.

వెనక నుంచి అడుగులు వినిపించాయి. అంజినమ్మ. చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగింది.

"ఏమక్కా, ఇంత బిరీన వచ్చినావు?"

"నువ్వు ఏం నీళ్ళు పోస్తా ఉండావు?"

ఆమె బిందెల వైపు చూసింది. తరువాత నా వైపు.

"చూసినావు కదా. మళ్ళా అడిగేదేమి?"

అప్పుడు వచ్చింది నా గొంతు. వఠారమంతా బయటికి వచ్చేలా వచ్చింది. నా బిడ్డను చంపుతావా, నిన్ను తోడబుట్టినదానిలా చూశానే, నీ చేతికి దిష్టి తీశానే. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. అంజినమ్మ కూడా గొంతు ఎత్తింది.

"నాకు వచ్చే బిందెలు మా అత్తకే చాలవు. దినానికి ఎన్నిసార్లు కడగాల్నో నీకేం తెలుసు? కళ్ళ ముందర మంచి నీళ్ళు పెట్టి, మట్టిలో పొయ్యమంటావు. మట్టిలో! మనిషికి లేని నీళ్ళు తోటకూరకా?"

"అడిగింటే ఒక బిందె ఇచ్చేదాన్ని కదే."

"నువ్వా? నువ్వు ఇస్తావా? చెంబు నీళ్ళు ఒలికితే గుండె పట్టుకుంటావు."

ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కటి చెప్పు. ఆ కూర నువ్వెప్పుడైనా నోట్లో పెట్టుకున్నావా? మీ ఇంట్లో ఒక్కరోజు వండినావా?"

ఆమె వంగి తొట్టిలో గుడ్డలు కలియబెట్టింది. అప్పుడు నాకు అంతా అర్థమైంది. సగం పాలు ఎందుకు అమ్ముకుంటానందో, ఒక్క కట్ట కూడా ఎందుకు ఉంచుకోలేదో. తన వాళ్ళకు తగదని తెలిసి నా వాళ్ళకు పంచి పెట్టింది, కుప్పలు సమానంగా వేసి మరీ.

"నీ బిడ్డకేమీ కాలేదు. కాదు కూడా. నాకు తెలుసు" అంది చివరికి, గొంతు తగ్గించి.

ఆ ధైర్యం చూసి నాకు చెయ్యి లేచింది. ఆపడానికి గంగన్న ఇంట్లో లేడు. పనికి పోయి ఉన్నాడు. పక్కవాళ్ళు పట్టుకున్నారు. వనజ అంజినమ్మ ఇంట్లో టీవీ ముందు నుంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రమ్మని చెయ్యి చాపాను. రాలేదు. అంజినమ్మ కొంగు పట్టుకుని నేల చూస్తోంది. గొడవకు బెదిరింది పాపం అనుకుని, నేనే పోయి రెక్క పట్టుకుని తెచ్చుకున్నాను.

సాయంత్రం గంగన్న వచ్చి అంతా విని తల గోక్కున్నాడు.

"ఊర్లో దున్నపోతులు పొర్లాడిన కుంట నీళ్ళు తాగి పెరిగినోళ్ళమే మనం. ఏమైంది?"

"నీ సంగతి ఎవరడిగారు? దానికి లివరు తట్టుకోదని చెప్పాడు డాక్టరు."

ఆయన వనజ వైపు చూశాడు. ఇంక నవ్వలేదు.

మరునాడు నేను పనికి పోలేదు. పార పట్టుకుని మడి పీకడానికి పోతే అంజినమ్మ అడ్డం వచ్చింది. నేల నీదే కావచ్చు, పంట సగం నాది, నువ్వే కదా కోరన్నావు అంది. ఓనరు వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. అతనిది కూడా భూములున్న కుటుంబమే.

"నేలా నీది కాదు, ఆమెది కాదు. నాది. నీళ్ళు ఇండ్లకు ఇస్తిని గాని తోటలకు ఇయ్యలేదు. అయినా కోరుకిచ్చినావంటే సగం ఆమెదే కదమ్మా. నీ సగం పీక్కో. సుమ్మనే గలాటా చెయ్యకండి."

నడుమ ఇటుకలు పేర్చారు. నా సగం నేను పీకాను. తోటకూర వేళ్ళు ఎంత లోతుగా పోయాయో! గట్టిగా పట్టుకుని ఉన్నాయి, లాగుతుంటే నల్లటి మట్టి ముద్దలు ముద్దలుగా వచ్చింది. పుదీనా డబ్బా, వాము ఆకు బకెట్టు కూడా బయట పడేశాను. కనకాంబరాలు పీకుతుంటే ఒక్కసారి చెయ్యి ఆగింది, అయినా పీకాను. ఇటుకలకు అవతల ఆమె సగం మాత్రం అలాగే నిగనిగలాడుతూ నిలబడింది. మరునాటి నుంచి ఆమె మళ్ళీ కట్టలు కట్టి పక్కవీధికి తీసుకుపోయింది. నేను వెంటపడి, కొంటున్న ఒకావిడకు చెప్పాను, అది మోరీ నీళ్ళ కూరమ్మా అని.

"అంగట్లోది మాత్రం గంగ నీళ్ళతో పండిందా?" అని రెండు కట్టలు ఎక్కువే తీసుకుంది.

నాకు మాత్రం వనజ తప్ప ఏదీ పట్టలేదు. పొద్దున్నే దాన్ని వాకిట్లోకి తెచ్చి వెలుతురులో కళ్ళు విప్పి చూసేదాన్ని. నాలుక చూసేదాన్ని. గోళ్ళు చూసేదాన్ని. మూత్రం పసుపుగా ఉందా అని పక్కన నిలబడేదాన్ని. "అమ్మా, పోవే" అని విసుక్కునేది. కడుపు నొప్పా అంటే లేదనేది. లేదంటే నాకు నమ్మకం కలిగేది కాదు. ఇన్ని నెలలు, రోజూ డబ్బా నిండా, నా చేత్తోనే కలిపి పెట్టాను కదా. పచ్చి కొత్తిమీర పచ్చడి కూడా. ఉడికింది అయితే వేరు, పచ్చిది!

వఠారం చివరి ఇంట్లో మార్త ఉండేది. ఒంగోలు పక్క నుంచి వచ్చిన నర్సు, మడివాళ దగ్గర ఒక నర్సింగ్ హోములో డ్యూటీ. ఆమె దగ్గర ఏడిస్తే వనజ కనురెప్ప కిందికి లాగి చూసింది.

"కంగారు పడకండి కదిరమ్మగారూ. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అయినా మీ మనసు కుదుటపడాలంటే ఓసారి పరీక్ష చేయిద్దాం. నేను డ్యూటీలో ఉన్నప్పుడు తీసుకురండి."

తీసుకుపోయాను. సూది గుచ్చినప్పుడు వనజ ఏడవలేదు, నేనే ఏడ్చాను. మలం కూడా పరీక్షకు ఇచ్చాం. రెండు రోజులు నేను ఏం తిన్నానో నాకు తెలియదు. మనసులో ఎక్కని దేవుడి మెట్లు లేవు. దానికేమైనా అయితే నేను చేసిన మడి వల్లే అవుతుంది, నేను నాటిన విత్తనం వల్లే అవుతుంది అన్న ఆలోచన మెడకు చుట్టుకుని తిరిగాను. అంజినమ్మ ఎదురుపడితే పక్కకు తిరిగాను. ఆమె ఒకసారి ఏదో చెప్పబోయింది. వినలేదు.

రిజల్టు వచ్చిందని మార్త కబురు పంపితే వనజను వెంటబెట్టుకుని పోయాను. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. నవ్వు ముఖంతో రిపోర్టు విప్పింది.

"బంగారంలా ఉందండీ మీ అమ్మాయి. లివరు బాగుంది, రక్తం బాగుంది. కడుపులో పురుగులు కూడా లేవు. అసలు ఆ నీళ్ళతో పండింది ఇన్ని నెలలు తిన్న పిల్లకు ఇంత శుభ్రంగా ఎలా ఉంటుందండీ? ఏమ్మా వనజా, నిజంగా తిన్నావా, మేకకు పెట్టావా?"

మార్త వేళాకోళానికి అంది. నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. ఎన్ని రోజుల తర్వాతో నవ్వాను. వనజ నవ్వలేదు.

"నేను తినలేదమ్మా" అంది.

"ఏంది?"

"ఆకుకూర. బళ్ళో కొళాయి పక్కన పారేసి డబ్బా కడుక్కునేదాన్ని."

మార్త నా వైపు చూసింది. నేను వనజ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను.

"ఎందుకు పారేసినావు?"

"అంజినమ్మత్త చెప్పింది. నీకు జబ్బు చేసి లేచినావు, నువ్వు మాత్రం అది తినొద్దు పాపా అని. బడి నుంచి రాంగానే అన్నం పెట్టేది. పప్పు, గుడ్డు."

గుడ్డు. ఆ బుగ్గలు, ఆ జడ. ఊరంతా చెప్పుకున్నాను, నా మడి పట్టించిన రక్తమని.

"ఆమె మోరీలో తోడేది నువ్వు చూస్తా ఉంటివా?"

తల ఊపింది. "కుప్ప ఎంచేది నేనే కదా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

వనజ బెంచీ కింద కాళ్ళు ఊపింది.

"చెప్తే నువ్వు ఏడుస్తావు. అత్త ఇంటికి పంపియ్యవు. టీవీ... అత్త కూడా చెప్పొద్దనింది. మీ అమ్మ సంగతి నీకు తెలుసు కదా అనింది."

మీ అమ్మ సంగతి. సందెపూట వాళ్ళిద్దరూ కూర్చుని, ఒకరు అన్నం పెడుతూ, ఒకరు తింటూ, ఈ మాట అనుకున్నారన్నమాట. ఒక్కరోజు కాదు. నేను దారాలు కత్తిరిస్తూ, నా బిడ్డ ఒక మంచి చోట ఉందని నిశ్చింతగా ఉన్న ప్రతిరోజూ.

"నేనూ మీ నాయనా రోజూ తింటా ఉంటిమి కదే. ఒకే గిన్నెలో నుంచి మూడు డబ్బాలు కట్టేదాన్ని. నువ్వే కదా మూతలు పెట్టింది."

వనజ నా వైపు అమాయకంగా చూసింది. ఆ చూపులో తప్పు చేసిన బెరుకు లేదు. లెక్క అప్పజెప్పే పిల్లలా చెప్పింది:

"పెద్దోళ్ళకేం కాదని అత్త చెప్పింది. మీకు ముందు కూడా కామెర్లు రాలేదు కదా."

బిడ్డ బాగుంది. అది చాలు అనుకోవాలి. అదే కదా రెండు రోజులుగా ప్రతి దేవుడినీ అడిగింది. అడిగింది ఇచ్చారు. ఇచ్చినవాళ్ళలో అంజినమ్మ కూడా ఉంది. ఆమెకు చేతులెత్తి మొక్కాలా, ముఖాన ఉమ్మాలా? ఏదీ చెయ్యలేనట్టు చేసింది నన్ను. ఇంక బిడ్డ. పరాయిది మోసం చేస్తే వాకిలి మూసుకుంటాం. దీనికి ఏ వాకిలి మూయను?

మార్త నా భుజం మీద చెయ్యి వేసింది.

"చిన్నపిల్లండీ. వదిలేయండి. ముందు మీరు లోపలికి రండి. తిన్నది మీరూ మీ ఆయనా కదా. మీకూ పరీక్ష చెయ్యాలి."

లోపల కుర్చీలో కూర్చోబెట్టి చేతికి రబ్బరు కట్టింది. సూది తీసింది. నాకు సూదులంటే చచ్చేంత భయం, కాన్పుకు తప్ప ఎప్పుడూ వేయించుకోలేదు. వనజ లోపలికి వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది.

"నొప్పుండదమ్మా. చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే" అంది.

ఈ మాటైనా నిజమో కాదో చూద్దామని చెయ్యి చాపాను.